స్తంభించిన కంప్యూటరు, చెడిన గడులు



ఈ సాయంకాలము నేను చెప్పబూనిన విషయము వినగానే, ఈ పంతులుగారికి ఇదియేమి వ్యవహారమని మీరు నవ్వుకొనవచ్చును. బాలవ్యాకరణము, అమరము వల్లెవేసి, తెలుగు పండితుడనై ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు పద్యములు చెప్పినవాడను. యంత్రశాస్త్రము నా విద్య కాదు. అయినను, కంప్యూటరు పని నడుమ స్తంభించిపోవుట, దానిలోని హార్డు డిస్కున కొన్ని గడులు చెడిపోవుట అను రెండింటిని గూర్చి నేను కొంత నేర్చుకొనవలసి వచ్చెను. నేర్చుకొనక తప్పని స్థితి ఎట్లు వచ్చినదో ముందుగా చెప్పెదను.

మాది వరికుంటపాడు. ఊరి పేరులో వరియు నున్నది, కుంటయు నున్నది. కాని ఉదయగిరి ప్రాంతపు మెట్టలో కుంట నిండిననాడు గదా వరి! 2011 మొదలుకొని 2019 వరకు నేను సెలవుదినములలో చుట్టుప్రక్కల పల్లెలకు పోయి, వృద్ధుల కడ కూర్చుండి, వారి చెరువులు, కుంటలు, తూములు, అలుగులు, ఏ తూము క్రింద ఏ చేలు పారెడివి, కరవు వచ్చినయేట నీటివంతులు ఎట్లు పంచుకొనెడివారు, ఇవన్నియు అడిగి వ్రాసికొంటిని. కొందరి మాటలను వారి గొంతుతోనే రికార్డు చేసితిని. అట్లు పదునలుగురు చెప్పిరి. వారిలో తొమ్మండుగురు ఇప్పుడు లేరు. 1984లో కరణీకములు రద్దయిన పిమ్మట పాత లెక్కల కాగితములు పలుచోట్ల చెదరిపోయినవి గనుక, ఈ వృద్ధుల నోటిమాటయే మాకు మిగిలిన ఆధారము. అదియంతయు ఒక్క కంప్యూటరులో, ఒక్క డిస్కులో నుండెను. రెండవ ప్రతి లేదు. ప్రతి లేని తాటాకు గ్రంథము నిలువదని బడిలో ఏటేట చెప్పిన నేనే ఆ తప్పు చేసితిని.

2022 వేసవిలో ఒకనాడు వ్రాయుచుండగా తెరమీది బాణపుగుర్తు కదలుట మానెను. మీటలు నొక్కినను ఉలుకు లేదు, పలుకు లేదు. మన పిల్లలు దీనినే "హ్యాంగ్ అయినది" అందురు. పెట్టె ముందున్న చిన్న ఎఱ్ఱదీపము మాత్రము ఆరక వెలుగుచునే యుండెను. ఒకటి రెండు నిమిషములైన పిమ్మట దానంతట అదే కదలెను. మరునాడు రెండు మారులు, ఆ మరునాడు అయిదు మారులు అట్లే జరిగెను. వారము తిరుగకముందే ఒక ఫోల్డరు తెరచినచో చాలు, యంత్రము శిలవలె నిలిచిపోవు స్థితి వచ్చెను.

పట్టణములోని ఒక దుకాణమునకు పట్టుకొని పోతిని. అచ్చటి కుఱ్ఱవాడు అయిదు నిమిషములు చూచి, "వైరస్ పట్టింది సార్, ఫార్మాట్ కొట్టేస్తే కొత్తదానిలా పరుగెత్తుతుంది" అనెను. మా చిన్నతనమున ఏ జబ్బునకైనను గాలి సోకినదనెడివారు. ఇప్పుడు వైరస్ సోకినదందురు. ఫార్మాట్ అనగా పలకను తుడిచివేయుట. నా పదునలుగురు వృద్ధుల మాట యేమగునని అడుగగా, "అది పోతుంది" అనెను. పెట్టెను చంకనిడుకొని ఇంటికి వచ్చితిని. అతడు మోసగాడు కాడని తరువాత తెలిసినది. అతని వైద్యము నిజముగనే యంత్రమును నడిపించి యుండెడిది; ఏల నడిపించునో ముందు చెప్పెదను.

నా పూర్వశిష్యుడొకడు బెంగుళూరిలో ఇట్టి యంత్రముల కొలువున నున్నాడు. వానికి ఫోను చేసితిని. "అయ్యవారూ, మొదట యంత్రము ఆపివేయండి. దానిలో ఒక్క అక్షరము కూడ క్రొత్తగ వ్రాయవద్దు. రేపు తీరికగా మాటలాడుదము" అనెను. పండ్రెండేండ్ల ప్రాయమున సంధులు తప్పినందుకు వానిని నేను బెంచీమీద నిలువబెట్టినవాడను. మరుసటి మూడుదినములు వాడు చెప్పుట, నేను వినుట. చేతిపని మా అన్నగారి మనుమడు, పాలిటెక్నిక్ చదువుచున్నవాడు, చేయుట. ఆ పాఠమునే మీకు నా మాటలలో చెప్పుచున్నాను.

హార్డు డిస్కు అనగా నేమి? అరచేయి పట్టునంత లోహపు పెట్టె. దానిలో అద్దమువలె నున్నని పళ్లెములు నిముషమునకు 5,400 మారులో, 7,200 మారులో గిఱ్ఱున తిరుగుచుండును. వానిపై అయస్కాంతపు గుర్తులుగా అక్షరములుండును. ఒక సన్నని చేయి చివర నున్న 'హెడ్డు' అను ముక్క పళ్లెమును తాకీ తాకనట్లు తేలుచు వానిని చదువును. ఆ సందు తలవెంట్రుక మందములో పదివేలవ వంతునకు మించదు. నడుచుచున్న డిస్కును కుదుపరాదనుట అందుచేతనే. ఈ జాతికి మొదటిది 1956లో అమెరికాలోని ఐ.బి.ఎం. వారు చేసిన 'రామాక్'. రెండడుగుల వెడల్పుగల పళ్లెములు ఏబది పేర్చి, అలమారంత చేసినను, దానిలో పట్టినవి 50 లక్షల అక్షరములే. నా డిస్కు 500 గిగాబైట్లది. అట్టి లక్ష అలమారలు దానిలో నిముడును.

ఈ పళ్లెముల పై భాగమంతయు చిన్న చిన్న గడులుగా విభజింపబడియుండును. వానిని సెక్టరులనియు, వ్యవహారమున బ్లాకులనియు అందురు. నా డిస్కులో గడికి 512 బైట్లు. ఇటీవలి డిస్కులలో గడికి 4,096. తెలుగు వ్రాతలో ఒక్కొక్క గుర్తునకు మూడేసి బైట్లు పట్టును గనుక, 512 బైట్ల గడిలో ఒక కందపద్యము సులభముగా కూర్చుండును. నా డిస్కులో అట్టి గడులు 97 కోట్లకు పైగా కలవు. చెడిన గడి యొకటి యనగా 97 కోట్ల పద్యములలో నొకటి చెదపట్టినదన్నమాట. ఇంత స్వల్పమునకు యంత్రమంతయు ఏల నిలిచిపోవలెను?

దీనికి కంట్రోలరు సంగతి తెలియవలెను. పెద్దయిండ్లలో ఉగ్రాణములుండుటయు, తాళపుచెవి చేతగల ఉగ్రాణి యొకడుండుటయు మీరెఱుగుదురు. ఎవరును స్వయముగా లోనికి పోరాదు. అడిగినది ఉగ్రాణి తెచ్చియిచ్చును. డిస్కునకు కంట్రోలరు అట్టివాడు. నిజమునకు ఇద్దరు కలరు. ఒకడు డిస్కునకు అంటియున్న పచ్చని పలకపై నుండును. 1980 దశకము నడుమ వరకు ఇతడు వేఱుగా కార్డుపై నుండెడివాడు. రెండవవాడు కంప్యూటరు పెద్దపలక, అనగా మదరుబోర్డుపై, నుండును. ఇద్దరిని కలుపునది సన్నని కేబులు. కంప్యూటరు ఒక గడి కావలెనని మదరుబోర్డు ఉగ్రాణితో చెప్పును. ఆ మాట కేబులు వెంట డిస్కు ఉగ్రాణికి చేరును. అతడు లోనికి పోవును. గడి బాగుగనుండిన, సెకనులో నూరవవంతు కాలమున తిరిగివచ్చును. గడి చెడియుండిన, అతడు ఓడిపోయితినని వెంటనే చెప్పడు. పళ్లెము మరల తిరిగి వచ్చువఱకు ఆగి మరల చదువును, చేయి కొంచెము ప్రక్కకు జరిపి చదువును, వందలమారులు ప్రయత్నించును. ఇంటివాడుకకు చేసిన డిస్కులు ఒక్క గడికై నిమిషమునకు పైగా పెనగులాడుటయు కలదు. అంతవఱకు వాకిట నిలిచినవారందరు నిలువవలసినదే. దీపము ఆరక వెలుగుట ఆ పెనగులాటకు గుర్తు. లైనక్సు అను వ్యవస్థ ముప్పది సెకనులు చూచి, విసుగుచెంది, కంట్రోలరును బలవంతముగా మొదటినుండి లేపును. అప్పటికిని పలుకనిచో డిస్కు లేనట్లే భావించును. మనము చూచు స్తంభన మిదియే. పెద్ద కార్యాలయములకై చేసిన డిస్కులు సాధారణముగా ఏడు సెకనులకే "ఈ గడి నాకు చదువరాదు" అని ఒప్పుకొనును. ఏలయన అచ్చట రెండవ ప్రతి మరియొక డిస్కులో నుండును. ప్రతి లేనివాడే అంత మొండిగా వెదకవలెను. మొండితనము దోషము కాదు.

ఇక గడి యేల చెడును? పండితులకు బాగుగా తెలిసిన పోలికతో చెప్పెదను. తాటాకు పద్యములో ఒక అక్షరమును పురుగు తినినదనుకొనుడు. అది ప్రాసస్థానమైనచో తక్కిన పాదములను చూచి ఆ హల్లు తెలిసికొందుము. యతిస్థానమైనచో పాదపు మొదటి అక్షరము దారి చూపును. గణము లెక్కించి, పోయినది గురువో లఘువో నిశ్చయింతుము. అట్లు ఒకటి రెండక్షరములు పూరింపవచ్చును. పాదమంతయు పోయినచో ఛందస్సు ఏమియు చేయలేదు. డిస్కులో ప్రతి గడి చివరను ఇట్టి ఛందస్సు వంటి లెక్క యొకటి వ్రాయబడియుండును. కొన్ని గుర్తులు చెడినను డిస్కు దానితో సరిచేసికొని మనకు తెలియనీయకయే ఇచ్చును. లెక్కకు మించి చెడినప్పుడు మాత్రమే అది చెడిన గడియగును.

అందును రెండు తెఱగులు. పళ్లెమే గీచుకొని దెబ్బతినుట యొకటి. అది మానునది కాదు. వ్రాయుచుండగా కరెంటు పోయి, సగము క్రొత్తవ్రాత, సగము పాతవ్రాత యగుటచే లెక్క కుదురకపోవుట రెండవది. ఇచ్చట తాటాకు చెడలేదు, వ్రాత చెడినది. మరల వ్రాసిన గడి బాగుపడును. మన పల్లెలలో మోటార్లు ఒక్కసారిగా ఆడగానే దీపములు మసకబారుటయు, చెప్పకయే కరెంటు పోవుటయు మీరెఱిగినదే. కనుక రెండవ తెఱగు మనకు ఎక్కువ.

పూర్వపు డిస్కులకు కార్ఖానాలోనే చెడిన చోట్ల పట్టిక కాగితముపై అచ్చువేసి పెట్టెకు అంటించి పంపెడివారు. కొన్నవాడు దానిని చూచి ఆ చోట్లను వాడకుండ ముందే యంత్రమునకు చెప్పుకొనెడివాడు. ఇప్పటి డిస్కులు ఆ పట్టికను లోపలనే దాచుకొనును. అంతేకాదు, కొన్ని గడులను మిగులుగా ఉంచుకొని, చెడినదాని స్థానమున మిగులుగడిని నిలుపును. అయితే ఈ మార్పిడి మనము ఆ గడిలో క్రొత్తగా వ్రాసినప్పుడు జరుగును. పాత అక్షరములు చదువబడనంతకాలము డిస్కు ఆ గడిని విడువక, "విచారణలో నున్నది" అని పట్టీలో వ్రాసికొని కూర్చుండును.

దుకాణపు కుఱ్ఱవాని వైద్యము ఏల ఫలించునో ఇప్పుడు మీకు తెలిసియుండును. పూర్తిగా ఫార్మాట్ చేసినచో ప్రతి గడిలోను సున్నలు వ్రాయబడును. వ్రాత చెడినవి బాగుపడును. నిజముగా చచ్చినవానికి బదులు మిగులుగడులు వచ్చును. యంత్రము మరల పరుగెత్తును, కుఱ్ఱవాడు మెప్పుపొందును. లోపలి మాటలు మాత్రము ఉండవు.

మొదటి దినము మేము చేసినది డిస్కును దాని పట్టీనే అడుగుట. ప్రతి డిస్కు తన ఆరోగ్యపు లెక్క తానే వ్రాసికొనును. దీనికి 'స్మార్ట్' అని పేరు. లైనక్సులో 'స్మార్ట్‌సీటీఎల్' అనునదియు, విండోసులో 'క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో' అను ఉచితపు పనిముట్టును దానిని చూపును. చాల వరుసలుండును గాని, మనకు నాలుగు చాలును. 5వ వరుస, మిగులుగడులు ఎన్ని వాడబడినవో చెప్పును. 197వది విచారణలోనున్న గడుల సంఖ్య. 198వది చదువుటకు వీలులేనివని తేలినవి. 199వది వేఱుజాతి: డిస్కునకు మదరుబోర్డునకు నడుమ, కేబులులో మాట తప్పిపోయిన మారుల సంఖ్య. క్రిస్టల్ పనిముట్టు ఈ వరుసలను పదునారింటి లెక్కలో చూపును గనుక 197, 198, 199 అనునవి సీ5, సీ6, సీ7 అని కనబడును, కంగారుపడకుడు.

నా డిస్కులో 5వ వరుస 8, 197వది 24. ఇవి చూచి, చెడిన గడులే కారణమని మనుమడు సంతోషించెను. "199 ఎంత?" అని బెంగుళూరినుండి ప్రశ్న. 1,846. "అయితే రెండు జబ్బులున్నవి, అయ్యవారూ" అనెను. గడులు చెడినచో ఎప్పుడును అదే ఫైలు, అదే ఫోల్డరు తెరచినప్పుడే యంత్రము నిలువవలెను. నాకు మొదట ఎక్కడపడిన అక్కడ నిలిచెను, పిమ్మట ఒక ఫోల్డరుకడనే నిలిచెను. ఈ తేడాను నేను గమనించియుంటిని గాని విలువ యెఱుగనైతిని. దుకాణదారునకు "హ్యాంగ్ అగుచున్నది" అని మాత్రమే చెప్పిన తప్పు నాది. ఎప్పుడు, ఏమి చేయుచుండగా, ఎంతసేపు, దీపము వెలుగుచుండెనా, టక్కు టక్కుమని శబ్దము వచ్చెనా: ఈ అయిదును వైద్యునకు చెప్పదగినవి. శబ్దము వచ్చినచో హెడ్డే దెబ్బతినినదని అర్థము. అప్పుడు ఇంటివైద్యము కూడదు, వెంటనే ఆపివేయవలెను.

పెట్టె విప్పిచూడగా కేబులు కొనవద్ద వదులై, ఎఱ్ఱమట్టి దుమ్ము పేరుకొనియుండెను. క్రొత్త కేబులు వేసి వేఱొక రంధ్రమునకు తగిలించితిమి. 199వ వరుస సంఖ్య తగ్గునది కాదు; పెరుగుట ఆగినదా యని మాత్రమే చూడవలెను. ఆగెను. ఎక్కడపడిన అక్కడ నిలుచుట తక్షణమే మానెను. నూరురూపాయలైన పట్టని పని యిది. అయినను ఎవరును మొదట చేయరు. పవరుసప్లయి పెట్టెను కూడ చూచితిమి. ఉబ్బిన కెపాసిటరు లేదు. ఒకవేళ అదియే దోషియైనచో డిస్కును మార్చి, మదరుబోర్డును మార్చి, చివరకు కంప్యూటరునే మార్చినవారు కలరు.

కంట్రోలరు తానే జబ్బుపడుటయు కలదు. 2009 జనవరిలో సీగేట్ వారు తమ బారకూడా 7200.11 అను డిస్కులలో కొన్నింటి లోపలి ఆజ్ఞావళిలో దోషమున్నదని ఒప్పుకొనిరి. ఆ డిస్కులు తమ దినచర్యను లోపల వ్రాసికొనుచుండగా, ఆ పట్టీ ఒకానొక సంఖ్యకు చేరినప్పుడు స్విచ్చి వేసినచో ఉగ్రాణి లేచుటయే మానెను. లోపలి అక్షరములన్నియు క్షేమముగా నున్నవి, తలుపు తీయువాడు లేడు. వారు ఆజ్ఞావళిని సవరించి ఇచ్చిరి. కనుక డిస్కు పలుకనంత మాత్రమున అందులోనివన్నియు పోయినవని ఏడ్వరాదు, పారవేయరాదు.

రెండవ జబ్బు మిగిలినది, ఆ 24 గడులు. ఇచ్చట నేనొక తప్పు చేయబోయితిని. విండోసులో 'చెక్ డిస్క్' అనునది డిస్కును సరిచేయునని యెవరో చెప్పగా అది నడుపుదమంటిని. శిష్యుడు గట్టిగా వారించెను. అది డిస్కులోనే వ్రాయుచు సరిచేయును. చదువరాని దానిని పనికిరానిదని ప్రక్కకు నెట్టి, పట్టికలను కత్తిరించి సరిపెట్టును. చచ్చుచున్న డిస్కుపై ఆ పని చేయుట, శిథిలమైన తాటాకుపైననే గంటముతో తప్పులు దిద్దుట వంటిది. సి.పి. బ్రౌను దొర కడపలో బంగళా కొని, పండితులకు తన చేతి సొమ్ము జీతములిచ్చి చేయించిన పని మీలో చాలమంది విని యుందురు. ఒక్కొక్క గ్రంథమునకు దొరకినన్ని ప్రతులు తెప్పించి, మొదట నకలు వ్రాయించి, పిమ్మట సరిపోల్చి, ఆపై పరిష్కరించిరి. మూలమునందు ఎవరును చేయిపెట్టలేదు. నకలు ముందు, దిద్దుబాటు తరువాత. డిస్కునకును ఇదే క్రమము.

అంతకంటె పెద్ద క్రొత్త డిస్కు నొకటి తెప్పించి, పెన్‌డ్రైవులోని లైనక్సుతో యంత్రమును లేపి, 'డీడీరెస్క్యూ' అను పనిముట్టును తెల్లవారుజామున, కరెంటు నిలకడగానున్న వేళ, యూపీఎస్ పెట్టి మొదలిడితిమి. దాని తెలివి యిది: చెడిన గడి తగులగానే అచ్చట పెనగులాడక, గుర్తు వేసికొని ముందునకు దూకును. మంచివన్నియు నకలైన పిమ్మట, వెనుకకు వచ్చి చెడినచోటి అంచులను కొంచెము కొంచెముగా గీకి తెచ్చును. చేసినపనికి ఒక పటము వ్రాసికొనును గనుక నడుమ కరెంటు పోయినను మొదటినుండి చేయనక్కరలేదు. రోగి చచ్చులోపల వీలునామా వ్రాయించువాడు ముఖ్యమైనవి ముందడుగును గదా.

ఎనిమిది గంటలకు మంచిభాగమంతయు క్రొత్తడిస్కున చేరెను. అప్పుడు నాకు ప్రాణము లేచివచ్చెను. తక్కినదానికి ఆ పగలు, ఆ రాత్రి పట్టెను. చదువ చదువ, చెడినవి 24 కాక 43 అని తేలెను. ఒకవైపునుండి చదువని గడి ఎదురువైపునుండి పోయినచో చదువుటయు, వేడిమి తగ్గిన తెల్లవారుజామున చదువుటయు చూచితిమి. 32 గడులు వచ్చెను. 11 రాలేదు. వాని స్థానమున నకలులో ఖాళీ మిగిలెను. దిద్దుబాటు పనిముట్టును ఆ నకలుపై నడిపితిమి. చెడినను మరల నకలు తీయవచ్చును గదా.

పోయిన 11 గడులలో 8 ఒక రికార్డులోనివి. ఒక ముసలమ్మ మాటలాడుచుండగా అర సెకను పాటు గరగరమని శబ్దము వచ్చును, అంతే. మూడుగడులు ఒక వ్రాతలోనివి. నేను అన్నియు సాదా అక్షరముల ఫైలుగా వ్రాసితిని గనుక ఆ మూడుచోట్లే పోయినవి, ముందువెనుకలు బ్రతికెను. ఈనాడు పెక్కుమంది వాడు వర్డు ఫైలు లోపల అంతయు నొక్కి మూటగట్టి యుండును. దానిలో ఒక్కగడి పోయినను మూట విప్పబడకపోవచ్చును. ఇది యెవరును నాకు ముందు చెప్పలేదు. ఓపికలేక సాదాగా వ్రాసితిని, అదృష్టము.

నకలు చేతికి వచ్చినాక, పాతడిస్కున సున్నలు వ్రాసి చూచితిమి, కేవలము కుతూహలముచేత. 197వ వరుస సున్నయైనది. 5వ వరుస 8 నుండి 15 అయినది. అనగా 43 గడులలో నిజముగా చచ్చినవి ఏడు. తక్కినవి కరెంటు పోకడచే వ్రాత చెడినవి. ఏడే గదా యని ఆ డిస్కును మరల నమ్మలేదు. చెడుట మొదలిడిన డిస్కు సంఖ్య వారము వారము పెరుగుచుండిన ఇక దానికి ఆయువు లేదు.

ఇప్పుడు తిరుగు పళ్లెములు లేని 'ఎస్సెస్డీ' డిస్కులు వచ్చుచున్నవి. వానికి కుదుపుభయము లేదు. గడులు చెడుట వానికిని కలదు, మిగులుగడులును కలవు. అయితే వాని ఉగ్రాణి అలసినప్పుడు ముందు హెచ్చరింపకయే ఒక్కసారిగా పడిపోవుట ఎక్కువ. నాలుగు వరుసల జాతకము వానియెడ అంతగా పనికిరాదు.

ఈ సంగతి నాబోటి వ్రాతగానికే గాని మాకేలయని మీరనరాదు. మన రిజిస్ట్రేషను కార్యాలయములకు 1998లో 'కార్డ్' అను పథకముచే కంప్యూటర్లు వచ్చెను. 2015 నుండి అడంగలు, 1-బి 'మీభూమి'లో చూచుచున్నాము. ప్రభుత్వపు వారికి ప్రతులుంచుకొను ఏర్పాటులుండును. మీ పాలకేంద్రపు లెక్క, గుడి జమాఖర్చు, మనుమరాలి పెండ్లి ఛాయాచిత్రములు ఎన్ని చోట్ల నున్నవో మీ ఇంటి పిల్లల నొకమారు అడుగుడు. ఒకచోటనే యని చెప్పినచో, ఈ రాత్రియే రెండవ చోటికి నకలు తీయుమనుడు. నావి ఇప్పుడు మూడుచోట్ల నున్నవి. ఒకటి బెంగుళూరిలో శిష్యుని యింట.

పోయిన మూడుగడుల స్థానమున నేను చుక్కలు పెట్టి 'గ్రంథపాతము' అని వ్రాసితిని. అందు మా యూరికి పడమటనున్న కుంటను గూర్చి, కరవు సంవత్సరములో రెండు తూములలో ఏది ముందు మూసెడివారో, రాత్రివంతు ఎవరిదో ఒక తాత చెప్పిన మాటలుండెను. సుమారు 500 గుర్తులు. చెప్పిన తాత లేడు. నాకు లీలగా జ్ఞాపకమున్నది గాని, జ్ఞాపకముతో పూరించుట పరిష్కర్తకు తగదు. వింటున్నవారిలో ఆ కుంట క్రింద చేలు పండించిన ఇంటివారెవరైన నుండి, తమ తండ్రితాతలు చెప్పగా విన్నది జ్ఞప్తికి వచ్చినచో, వరికుంటపాడులో మా యింటికి దయచేయుడు. అరుగుమీద కూర్చుండి వ్రాసికొందును. సెలవు.